మూత పెట్టిన బోరు

ఎవరి బోరులో ఎన్ని నీళ్ళున్నాయో ఆ ఊళ్ళో తెలిసిన మనిషి ఒక్కడే. అతని పేరు ఓబులయ్య. ఊరేమో కొమరోలు మండలంలో, బస్సు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడవాలి. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ బోరుబావుల్లోకి మోటార్లు దించడం, చెడిపోతే పైకి లాగడం అతని పని. మూడు కాళ్ళ ఇనుప స్టాండు, గొలుసు చక్రం, రెండు క్లాంపులు, ఒక మోకు, ఇంతే సరంజామా. ఇరవై అడుగుల పైపు మీద మరో పైపు బిగిస్తూ మోటారును దించుతుంటే, ఎన్నో పైపు దగ్గర నీళ్ళు తగిలాయో అతని చేతికే తెలిసిపోతుంది. చెవి పెట్టి వినాల్సిన అవసరం కూడా ఉండదు.

తెలిసినా చెప్పడు. అదే అతని అసలు పెట్టుబడి. ఆ ఊళ్ళో భార్య నగలెన్నో చెప్పుకుంటారు, కొడుకు జీతమెంతో చెప్పుకుంటారు, కడుపులో పుండు సంగతి కూడా చెప్పుకుంటారు గానీ బోరులో నీళ్ళెన్నో మాత్రం చెప్పుకోరు. రెండించుల ధార కళ్ళెదుట దూకుతున్నా, "ఏముండాయిలే, గుక్కెడు" అంటారు. ఉన్నాయని నోటితో అంటే దిష్టి తగులుతుందని ఒక భయం. పక్క చేనువాడు పైపు పట్టుకుని వస్తాడని అంతకన్నా పెద్ద భయం. ఈ రెండు భయాలకూ కాపలాదారు ఓబులయ్య. "మా ఓబులన్నను అడిగితే సముద్రంలో కూడా నీళ్ళు లేవంటాడు" అని కృష్ణమ్మ ఆటపట్టిస్తుంది. కృష్ణమ్మది నాలుగెకరాల బత్తాయి తోట, భర్త బెంగుళూరులో కూలి పనికి పోయి మూడేళ్ళు.

అన్నట్టు, ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ 'గారూ' అని పిలవరు. వరస ఉంటే సరే, లేకపోతే కలుపుకుంటారు. అన్నా, మామా, పెద్దమ్మా, చిన్నాయనా. గారు అనే మాట ఆఫీసర్లకూ పరాయివాళ్ళకూ దాచిపెట్టింది.

కిందటి ఏడాది దసరా అయ్యాక ఊరికి చమురు సర్వే వాళ్ళు వచ్చారు. భూమి అడుగున నూనె ఉందో లేదో చూడాలట. చేలకు అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత పొడుగునా డెబ్బై అడుగుల లోతు సన్న బొక్కలు వేసి, అడుగున పేలుడు మందు పెట్టి పేలుస్తారు. ఆ అదురు కిందికి పోయి రాళ్ళకు తగిలి తిరిగి వస్తే, నేలలో గుచ్చిన పరికరాలు దాన్ని రాసుకుంటాయి. అంతే, ఏమీ కాదు అన్నాడు శ్రీకాంత్. అతను కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే కుర్రవాడు, మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ నలగదు.

పేల్చకముందే శ్రీకాంత్ ఒక పని చేశాడు. గీతకు దగ్గరలో ఉన్న ఇరవై మూడు బోర్ల వివరాలు కాగితాల మీద రాయించాడు. లోతెంత, నీళ్ళెంత, యజమాని సంతకం, సాక్షి సంతకం. ఎవరి బోరు దగ్గరికి పోయినా అదే పాట. గుక్కెడు. తడి మాత్రమే. ఏనాడో ఎండిపోయింది. నీళ్ళున్నాయని రాస్తే కంపెనీవాడు లాగేస్తాడని కొందరు, కరెంటు వాళ్ళకు తెలుస్తుందని కొందరు. కృష్ణమ్మ అయితే బత్తాయి చెట్ల నీడలో నిలబడి, "నీళ్ళు యాడివి నాయనా, చెట్లు వాటంతట అవే బతుకుతుండాయి" అంది. శ్రీకాంత్ నవ్వి రాసుకున్నాడు. ఇరవై మూడు కాగితాల మీదా సాక్షి ఓబులయ్యే. తన వృత్తి ధర్మం తాను నిలబెట్టుకున్నాననుకున్నాడు ఆరోజు. ఇంతమంది తెలివైనవాళ్ళు కలిసి చేసిన ఇంత పెద్ద తెలివితక్కువ పని ఆ మండలంలో మరొకటి లేదు.

పేలుళ్ళు నాలుగు రోజులు జరిగాయి. ఐదో రోజు కృష్ణమ్మ బోరు ఎర్ర బురద కక్కింది, ఏడో రోజు ఆగిపోయింది. పదిహేను రోజుల్లో పద్నాలుగు బోర్లు పోయాయి. కొన్ని లోపల కూలాయి, కొన్నింట్లో నీళ్ళు అందనంత కిందికి జారాయి. ఓబులయ్యకు తిండి తినే తీరిక లేనంత పని. లాగిన ప్రతి మోటారూ బురదతో వచ్చింది.

ఊరు కంపెనీని నిలదీసింది. శ్రీకాంత్ తడుముకోలేదు. సంచిలోంచి కాగితాలు తీసి, ఎవరిది వాళ్ళకు చదివి వినిపించాడు. "మీరే రాయించారు కదండీ, నీళ్ళు లేవని. లేని నీళ్ళు మేమెలా పోగొడతాం?" అన్నాడు.

అంతటితో పోయినా సరిపోయేది. రెండో గీత వచ్చే సోమవారం మొదలవుతుందన్నారు. అది బడి వెనక నుంచి, ఊరి తాగునీళ్ళ బోరుకు యాభై గజాల దూరంలో పోతుంది. రెండు వందల ఇళ్ళకు ఆ ఒక్క బోరే దిక్కు. అదీ పోతే ఇక ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని బతకాలి. కట్టుకున్న ఇళ్ళు వదిలి ఎంతమంది పోతారో చెప్పలేం.

అప్పుడు ముందుకొచ్చింది హరిత. ఓబులయ్య అన్న, చనిపోయిన రామలింగయ్య కూతురు. రోజూ బస్సులో గిద్దలూరు పోయొచ్చి డిగ్రీ చదివి ఊళ్ళోనే ఉండిపోయింది. బడి గోడ మీద మూడేళ్ళుగా రోజూ ఆమే రాస్తుంది: ఈరోజు ఎండ ఎంత, వాన ఎంత. మొదట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు చేలకు పోయే ఆడవాళ్ళు ఆ గోడ చూసి, నలభై మూడు దాటితే పదికల్లా ఇంటికి మళ్ళుతున్నారు. హరిత ఇరవై మంది ఆడవాళ్ళను కూడగట్టి సర్వే జీపుకు అడ్డంగా కూర్చోబెట్టింది. మార్కాపురం పోయి రెవెన్యూ ఆఫీసులో అర్జీ ఇచ్చింది. "ఈ నూనె తీసి యాడనో కాలుస్తారు. ఆ వేడి తిరిగొచ్చి మన నెత్తినే పడతాది. వాన ఎగ్గొడతాది, మనం ఇంకా లోతుకు బోర్లు ఏస్తాం. తీసేదానికి ముందే మన నీళ్ళు పోగొట్టినారు, తీసినాక ఏం మిగుల్తాది?" అని ఆమె మాట్లాడితే, ఆడవాళ్ళకు అందులో తెలియని ముక్క ఒక్కటీ కనిపించలేదు.

అర్జీ ఫలించింది. గురువారం అధికారి స్వయంగా వచ్చి చూస్తానంది.

బుధవారం పొద్దున హరిత ఓబులయ్య ఇంటికి వచ్చింది. అతను అరుగు మీద గొలుసు చక్రానికి గ్రీజు పూస్తున్నాడు.

"చిన్నాయనా, రేపు నువ్వు మాట్లాడాల. కాగితాల్లో రాసింది అబద్ధమని నువ్వు చెప్తే తప్ప ఆమె నమ్మదు" అంది.

"నా సంతకం నేనే అబద్ధమంటే జైల్లో ఏస్తారమ్మా."

"వెయ్యనీ, నేనొచ్చి కూర్చుంటా నీతో పాటు." నవ్వింది. నవ్వితే అచ్చం అన్న. "నీ మాటంటే ఊరికి గురి. మా నాయన కూడా నువ్వు చెప్పిందే నమ్మినాడు గదా ఎప్పుడూ."

ఓబులయ్య చేతిలో గ్రీజు గుడ్డ ఆగిపోయింది. ఆ పిల్ల మామూలుగానే అంది. అతనికే గుండెలో గుచ్చుకుంది.

ఆ గుచ్చుకున్నదేమిటో ఇప్పుడే చెప్పెయ్యడం మంచిది. ఐదేళ్ళ కిందట ఓబులయ్య తన రెండెకరాల్లో బోరు వేయించాడు. బండి వాళ్ళు పరాయి రాష్ట్రం వాళ్ళు. ఐదు వందల అడుగులు దిగినా దుమ్మే. బోరు ఫెయిలయిందని ఊరంతా జాలిపడింది. ఆ వానాకాలం తర్వాత ఒకరోజు ఊరికే మోకుకు రాయి కట్టి వదిలితే, ఏడు పైపుల లోతులో బుడుంగుమంది. ఎవరూ చేలకు రాని పండగ రోజు చూసి మోటారు దించి ఆడించాడు. మూడించుల నీళ్ళు. ఆ ఊళ్ళో ఎవరికీ అన్ని లేవు. ఓబులయ్య సంతోషపడలేదు, భయపడ్డాడు. ఎన్ని బోర్లు ఎండడం చూశాడో అతను! ఒకసారి బయటపెడితే ఇక అది తన బోరు కాదు, అడిగిన వాళ్ళందరిదీ. వయసు మళ్ళాక తోట వేసుకుందాం, అందాకా ఉండనీ అనుకుని మోటారు తీసేసి, బోరుకు ఇనుప మూత బిగించి, మీద రాళ్ళు పేర్చాడు. ఈ సంగతి తెలిసింది భార్య వెంకటసుబ్బులమ్మకు మాత్రమే.

ఆ మరుసటి వేసవి అన్న వచ్చాడు. ఎకరన్నర మిరప పూత మీదుంది, అతని బోరు చేతులెత్తేసింది. పక్కన పదిహేడేళ్ళ హరిత కూడా ఉంది. "ఓబులూ, నీ ఎండిపోయిన బోర్లో ఒకసారి మోటారు దించి చూద్దామా? పది దినాలు తడి దొరికితే చాలు" అన్నాడు.

"అందులో ఏం లేదన్నా" అన్నాడు ఓబులయ్య. అంతే. ఒక్క మాట. అన్న మారు అడగలేదు, నీళ్ళ సంగతి తమ్ముడికన్నా తెలిసినవాడెవడు? మిరప మాడిపోయింది. ఉన్న ముప్పై గొర్రెలూ అమ్ముకుని రామలింగయ్య హైదరాబాదు పోయాడు. ఆ పై ఏడు మే నెలలో స్లాబు మీద ఇటుకలు మోస్తూ వడదెబ్బకు పడిపోయి, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. ఆ రోజు నుంచే హరిత గోడ మీద ఎండ లెక్క రాయడం మొదలుపెట్టింది.

తర్వాత ఓబులయ్య ఆ మూత తీయలేదు. తీయడానికి చేతులు రాలేదు. శ్రీకాంత్ కాగితంలో కూడా తన బోరుకు ఎదురుగా 'అయిదేళ్ళుగా నీళ్ళు లేవు' అని రాయించి, యజమానిగా ఒకటి, సాక్షిగా ఒకటి, రెండు సంతకాలు పెట్టాడు.

హరిత పోయాక శ్రీకాంత్ కూడా వచ్చాడు. మంచినీళ్ళు తాగి, చల్లగా అన్నాడు. "ఓబులయ్య గారూ, ఇరవై మూడు సంతకాలండీ. అబద్ధపు సాక్ష్యమంటే కేసు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడక్కుండా నేను చూసుకుంటాను. మీరు మోటార్లు లాగి ఇంటికెళ్ళిపోండి, చాలు."

అతను పోయాక వెంకటసుబ్బులమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "ఏం చేస్తావు?"

"ఏమోనే."

"అన్నం సయించక నాలుగేండ్లాయె నీకు. నాకు తెలవదనుకుంటివా?" అని లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం, ఎండకు ఎవరూ బయటికి రాని వేళ, ఓబులయ్య తన చేనికి పోయి రాళ్ళు తొలగించాడు. మూత విప్పి మోకుకు రాయి కట్టి వదిలాడు. ఎనిమిది పైపుల లోతు. బుడుంగుమంది. ఇన్ని పేలుళ్ళకు అన్ని బోర్లు పోతే, ఇది మాత్రం నిలిచింది. పోయి ఉంటే బాగుండేదని అతనికి ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

గురువారం పది గంటలకు అధికారి సుధారాణి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, కాళ్ళకు బూట్లు, చేతిలో ఫైలు. ఊరంతా కృష్ణమ్మ తోటలో చేరింది. బత్తాయి ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. వివరాలు రాసే పని సుధారాణి హరితకు అప్పజెప్పింది, ఊరి తరఫున ఒక ప్రతి ఉండాలని.

అధికారి ముందరే తీయాలని ఆపిన కృష్ణమ్మ బోరు పైపులను ఓబులయ్య, ఇద్దరు కూలీలు లాగారు. ఒక్కొక్కటే నేల మీద పరిచారు. ఎనిమిది పైపులు నున్నగా ఉన్నాయి. తొమ్మిదో పైపు సగం నుంచి కిందికి తెల్లటి గార దళసరిగా పట్టి ఉంది.

"నీళ్ళలో మునిగిన పైపుకే గార పడతాదమ్మా. అంటే ఇంతవరకూ నీళ్ళుండె" అన్నాడు ఓబులయ్య. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

శ్రీకాంత్ వెంటనే అందుకున్నాడు. "మేడమ్, గార ఎప్పటిదో ఎవరు చెప్తారు? పదేళ్ళ కిందట నీళ్ళుండొచ్చు. సర్వేకి ముందు లేవని యజమానే సంతకం పెట్టారు. సాక్షి ఈయనే."

సుధారాణి కాగితం చూసింది, గార చూసింది. "అతను అన్నదీ నిజమే. రాతపూర్వకంగా ఇరవై మూడు కాగితాలున్నాయి. అవి తప్పని దేన్ని చూసి నమ్మాలి నేను?"

"అవన్నీ అబద్ధాలే మేడమ్!" కృష్ణమ్మ ముందుకొచ్చింది. "నాకు రెండించులు నీళ్ళుండె. దిష్టికి భయపడి లేవంటి."

"రెండించులా?" వెనక నుంచి ఆదిశేషు గొంతు. అతనిది పక్క చేను. "పోయిన ఏడు నా కంది ఎండుతుంటే కాళ్ళు పట్టుకుంటి గదా వదినా! గుక్కెడు లేవంటివే!"

కృష్ణమ్మ తల వంచుకుంది. ఒక్కసారిగా తోటంతా గోల. నీకెన్నుండె అంటే నీకెన్నుండె అని ఒకరి మీద ఒకరు. శ్రీకాంత్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఇప్పుడు నష్టపరిహారం కోసం నీళ్ళుండేవంటున్నారు చూడండి మేడమ్ అన్నాడు నెమ్మదిగా. సుధారాణి ఫైలు మూసింది.

ఆ ఫైలు మూసిన చప్పుడు ఓబులయ్య ఒక్కడికే వినిపించిందేమో. బడి వెనక బోరు కళ్ళ ముందు మెదిలింది, దాని చుట్టూ పొద్దున్నే పెట్టే బిందెలు మెదిలాయి. పక్కన హరిత కాగితాల కట్ట గుండెకు పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడింది.

"అమ్మా" అన్నాడు అధికారితో. "ఇరవై మూడో కాగితం చూడండి. ఓబులయ్య బోరు."

ఆమె తిప్పింది. "అయిదేళ్ళుగా నీళ్ళు లేవు. యజమాని ఓబులయ్య, సాక్షి ఓబులయ్య."

"ఆ బోరు మీద మూత ఉంది. అందులో ఇప్పుడు కూడా నీళ్ళుండాయి. పోదాం పదండి, చూపిస్తా. ఈ ఒక్కటి అబద్ధమని తేలితే మిగతావన్నీ అబద్ధమే. అన్నింట్లో సాక్షి నేనే."

ఆ బోరు ఫెయిలయిన రోజు జాలిపడిన వాళ్ళే అందరూ. శ్రీకాంత్ ఏదో అనబోతే సుధారాణి చెయ్యెత్తి ఆపింది.

ఓబులయ్య చేలో స్టాండు నిలబెట్టి, పది పైపులు బిగించి, మోటారు దించేసరికి రెండు గంటలు పట్టింది. ఆమె చింతచెట్టు నీడలో నిలబడే ఉంది, పోలేదు. ట్రాక్టరు మీదున్న జనరేటరు వైరు తగిలించాక ఓబులయ్య ఒక్క నిమిషం స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఆగాడు. నొక్కాడు. పైపు ఖాళీగా ఊపిరి వదిలింది. తర్వాత తుప్పు నీళ్ళు దగ్గాయి. ఆ తర్వాత తెల్లటి ధార, మూడించుల నిండు ధార, ఎండిన చేలోకి దూకింది.

ఎవరో ఆడమనిషి "అమ్మో" అంది.

సుధారాణి ధార కింద చెయ్యి పెట్టి చూసింది. శ్రీకాంత్ వైపు తిరిగింది. "ఈ కాగితాలు చెల్లవు. ఊరి ముందర ప్రతి బోరూ మళ్ళీ కొలవాలి. అది పూర్తయ్యేదాకా రెండో గీత ఆపేస్తున్నాను. ఈరోజే ఉత్తర్వు ఇస్తాను" అంది. శ్రీకాంత్ ఫోను చెవికి పెట్టుకుని పక్కకు పోయాడు. ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. కృష్ణమ్మ ఏడ్చేసింది.

"మీ వాంగ్మూలం కావాలి" అంది సుధారాణి ఓబులయ్యతో. "తప్పు సంతకానికి సంజాయిషీ కూడా ఇవ్వాల్సి ఉంటుంది. ముందు ఇది చెప్పండి. ఈ బోరులో నీళ్ళు ఎప్పటి నుంచి ఉన్నాయి?"

కలం పట్టుకుని రాయడానికి సిద్ధంగా ఉన్నది హరిత. ఆ ప్రశ్న విన్నాక ఆమె తలెత్తి చిన్నాయన ముఖం చూసింది. ఆమెకు అప్పటికే అంతా తెలిసిపోయిందో, ఇంకా తెలియకూడదని కోరుకుంటోందో ఎవరికెరుక.

అయిదేళ్ళ నుంచి అని చెప్తే చాలు అధికారికి. అర్థం కావలసిన మనిషి అధికారి కాదు.

"మీ నాయన వచ్చి అడిగినాడు చూడమ్మా, మిరపకు" అన్నాడు ఓబులయ్య, అధికారిని చూడకుండా. "దానికి ఆరు నెల్ల ముందు నుంచే ఉండాయి. ఇన్నే ఉండాయి. తెలిసే లేవన్నాను."

ధార పడుతూనే ఉంది. చేను అంత నీటిని ఎప్పుడూ చూడక, తాగలేక, గట్టు వైపు పారించింది. హరిత చెప్పుల కిందికి తడి వచ్చింది. ఆమె కదల్లేదు. తల వంచి, అతను చెప్పిన మాటలు చెప్పినట్టే, ఒక్కటి కూడా వదలకుండా రాసింది. చివర తేదీ వేసింది. రోజూ గోడ మీద రాసే ఆ గుండ్రటి చేతిరాతే.

కాగితం అతని వైపు తిప్పి, కలం ఇచ్చింది.

"ఇక్కడ సంతకం పెట్టండి, ఓబులయ్య గారూ" అంది.